కాకి అరిచేదాకా

ఆ పొద్దున ఆకాశం పసుపు కలిపిన నీళ్లలా ఉంది. సూర్యుడు వచ్చాడో లేదో తెలియదు. కింది మబ్బులు ఉత్తరం నుంచి దక్షిణానికి ఒకదాన్నొకటి తరుముకుంటూ పోతున్నాయి. వాటి పైన ఇంకో మబ్బు పొర కదలకుండా పరుచుకుని ఉంది. నేల మీద గాలి ఇంకా అంత లేదు. వలల మీద కప్పిన పట్టాలు అప్పుడప్పుడు లేచి పడుతున్నాయి, అంతే.

పడవలను ముందురోజే మెరకకు లాక్కున్నాం. ఇంకేమైనా మిగిలిందా అని ఒడ్డున నిలబడి చూశాను. ఏదో తక్కువైనట్టు అనిపించింది. అదేంటో అర్థం కావడానికి కాసేపు పట్టింది. కాకులు లేవు. చేపలు ఎండబెట్టే చోటికి మనుషులకన్నా ముందు అవే వస్తాయి. ఆ పొద్దు ఒక్కటీ లేదు.

ఇంటికి వచ్చేసరికి మా అమ్మ పిచ్చమ్మ అటక మీది తాడు దింపించి వాకిట్లో పరిపించింది. మా అన్న కామాక్షయ్య ఆ కొస నుంచి ఈ కొస దాకా తడిమి చూస్తున్నాడు. కొబ్బరి పీచు తాడు. ఇప్పుడు పాలెంలో అందరూ నైలాను తాళ్లే వాడతారు. మా అమ్మ పట్టుబట్టి పేనించుకునేది ఈ తాడొక్కటే.

"ఈ తాడెవురి కోసం మా?" అన్నాను.

"ఎవురి కోసం ఏందిరా? గాలొస్తుండాది గదా."

"బస్సు పెట్టినారు. కోట దగ్గర హైస్కూల్లో ఉండమంటుండారు."

"ఉండండి. వద్దన్నానా?"

అన్న తల ఎత్తలేదు. తాడు తడుముతూనే ఉన్నాడు. అప్పుడే తెలిసింది నాకు, వాళ్లిద్దరూ ముందే మాట్లాడుకున్నారని.

నేను పుట్టక ముందు మా పాలేనికి ఒక పెద్దగాలి వచ్చింది. ఆ రోజు కూడా బండ్లు పంపారు. లోపలి ఊళ్లో పాత సత్రం ఉంది, రాతి గోడలు, అక్కడ తలదాచుకోండి అన్నారు. మా నాయన వాళ్లమ్మను, మాటలు నేర్చిన మా అక్కను ఎత్తి లారీలో కూర్చోబెట్టాడు. లారీ నిండింది. మా అమ్మకు, ఆమె చంకలో ఉన్న మా అన్నకు చోటు దొరకలేదు. మళ్లీ వస్తామన్న లారీ రాలేదు. నాయన వాళ్లిద్దరినీ తీసుకుని పాలేనికి పడమట ఉన్న ఇసుక దిబ్బ ఎక్కాడు. దిబ్బ మీద తాటిచెట్లు. వల తాడుతో అమ్మను చెట్టుకు కట్టాడు, అన్నను అమ్మ రొమ్ముకు కట్టాడు, తను కింద కట్టుకున్నాడు. ఇంకొందరు కూడా అట్లాగే చేశారు.

ఆ రాత్రి సత్రం కప్పు కూలింది. మా నాయనమ్మ, మా అక్క అందులో పోయారు.

దిబ్బ మీద అందరూ బతికారా అంటే, అదీ లేదు. నడిజాములో గాలి ఉన్నట్టుండి ఆగింది. చుక్కలు కనబడ్డాయంట. గాలి వెళ్లిపోయిందనుకుని కొందరు కత్తులతో తాళ్లు కోసుకుని పడవలు చూసుకోవడానికి దిగారు. తుఫాను నడుమ వచ్చే నిమ్మళం అది. గాలి దక్షిణం నుంచి తిరిగి వచ్చేసరికి వాళ్లు మళ్లీ కట్టుకోవడానికి తాడు మిగల్లేదు. కోసేశారు గదా. మా నాయన మాత్రం తెల్లవారి కాకి అరిచేదాకా ముడి ముట్టుకోలేదు.

అప్పటి నుంచి పాలెంలో ఒక కట్టుబాటు ఏర్పడింది. ఇంటికొక చెట్టు. ఏటా కార్తీకంలో ఆ రోజు తెల్లవారుజామున ఇంటి ఆడమనిషిని ఆ చెట్టుకు పీచు తాడుతో కట్టాలి. ఆ తాడుకు ఇనుము తగలకూడదు. దిబ్బ మీదికి కత్తి తేకూడదు. కాకి అరిచాకే విప్పాలి, కట్టినవాడే విప్పాలి. నాయన పోయాక మా అమ్మను కట్టేది అన్నే. ఆ తరువాత అందరూ అక్కడే కూర్చుని చద్దన్నం తినాలి. పిల్లలకు అదొక తిరనాళ్ల మాదిరి. పాలెం పెత్తనం చూసే కాపు పోలేరయ్య మనవడు ముఖేష్ చెట్టు చాటున నక్కి కాకిలా అరిచేవాడు. ఆడవాళ్లు నవ్వేవాళ్లు. "ఈ కాకి నిక్కరేసుకోనుందే" అని మా అమ్మ అనేది. కానీ విప్పనిచ్చేది కాదు.

దిబ్బ ఇప్పుడు లేదు. రొయ్యల గుంటలు తవ్వేవాళ్లకు పాలెం అంతా కలిసే ఇచ్చాం. యంత్రాలు వచ్చి ఇసుక తోడుకుపోయాయి. చెట్లు ఒక్కొక్కటే వాలాయి. గుంట కట్ట వెంబడి ఒక వరస మిగిలింది. అందులో మాది ఒకటి. నాయన కట్టిన తాడు ఒరుసుకుని చెట్టు మీద పడిన మచ్చ నా చిన్నప్పుడు నాకు బొడ్డెత్తున ఉండేది. ఇప్పుడు నేను చెయ్యెత్తినా అందదు.

ఆ మాటే అమ్మతో అన్నాను. "నాయన కట్టిన మచ్చ యాడుందో చూసినావా మా? నెత్తికన్నా పైన ఉండాది."

"చెట్టు పెరిగింది."

"చెట్టు కొసన పెరుగుతాది మా. మొదట్లో పెరగదు. కింద ఇసుక పోయింది. ఆ పొద్దు మిమ్మల్ని కట్టింది దిబ్బ నెత్తిన. ఇప్పుడా చెట్టు పల్లంలో ఉండాది."

"చెట్టు అదే గదా?" అంది.

అదే.

కాసేపటికి గ్రామ సచివాలయంలో పనిచేసే వాణి వచ్చింది. చిన్నపిల్ల. చేతిలో మైకు, కాళ్లకు బురద. పాలెం అంతా తిరిగి గొంతు పోయింది. "అవ్వా, బస్సు కదలబోతా ఉంది. నీ ఒక్కదాని కోసరమే ఆపినాము" అంది.

"ఎవురు ఆపమన్నారు తల్లీ? పోనీండి."

"నీకేమన్నా అయితే నన్ను అడుగుతారు."

"నన్ను కన్నోళ్లే అడగలేదు, నిన్నెవురు అడుగుతారు? నువ్వు పోయి కాస్త గొంతు తడుపుకో. కోడిపిల్ల మాదిరి కీచుమంటుండావు."

ఆ పిల్లకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నా కూతురు వెన్నెల ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయి నీళ్లిచ్చింది.

ఈ లోపల పోలేరయ్య చేతికర్ర పొడుచుకుంటూ వచ్చాడు. పెద్దగాలి రాత్రి తాడు కోసుకుని దిగిపోయినవాళ్లలో ఆయన అమ్మా నాయనా ఉన్నారు. పిల్లవాడిని చెట్టుకే ఉంచి, పడవ చూసి వస్తామని పోయారు. తెల్లవారాక ఆయన కట్టు విప్పింది మా నాయన. అందుకే మా ఇంట్లో ఆయనకు చనువు. కానీ మా అమ్మ ఆయన మాట చెల్లనిచ్చేది కాదు.

"వొదినా, లెయ్. పంతం చాలు."

"నువ్వు గూడా బస్సెక్కుతుండావా కాపా?"

"ఎక్కుతుండా."

"ఎక్కక ఏం చేస్తావులే. నిన్ను కట్టిన చెట్టును అమ్ముకున్నోడివి. నీకింక కట్టుకునే చెట్టు యాడిది?"

పోలేరయ్య కర్ర మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు. "ఆ చెట్టు కింద నిలబడితే మాయమ్మ పిలిచినట్టు ఉండేది వొదినా. అందుకే అమ్మినా" అన్నాడు. ఆయన వెళ్లిపోయాడు.

నేను అన్నను పక్కకు పిలిచాను. "నువ్వన్నా చెప్పు. నువ్వు చెబితే వింటాది."

"చెప్పినా."

"ఏమనింది?"

"'నిన్ను రొమ్ముకు కట్టుకుని ఓర్చినా, నన్ను ఒక్క రాత్రి ఓర్చలేవా' అనింది." అన్న నేల చూపులు చూస్తున్నాడు. వాడికి పెళ్లాం పోయి చాలా ఏళ్లు అయింది. పిల్లలు లేరు. అమ్మతోనే ఉంటాడు. "నువ్వు పిల్లను, మహాలక్ష్మిని తీసుకోని పో అబ్బయా. నేను ఉంటా ఆమెతో."

"గాలి గాదన్నా నా బయం. నీళ్లు."

"సముద్రం అంత దూరం రాదు."

"సముద్రం గాదు. పడమట గుంటల కట్టలు చూసినావా, ఎంతెత్తు పోసినారో? ఏటినీళ్లు వస్తే యాడికి పోతాయి?"

అన్న గుంటల వైపు చూశాడు. వాడికి తెలుసు.

అప్పుడు నేను అమ్మ దగ్గరికి పోయి ఆమెను రెండు చేతులా ఎత్తుకున్నాను. ఎండు చేప బుట్టంత బరువు కూడా లేదు. పెనుగులాడుతుందనుకున్నాను. పెనుగులాడలేదు. మెడ నా భుజం మీద వాల్చింది. వాకిలి దాటాను. బస్సు కనబడుతోంది. అప్పటికే ఎక్కిన నా పెళ్లాం మహాలక్ష్మి కిటికీలో నుంచి చెయ్యి చాపింది.

అమ్మ నా చెవి దగ్గర చెప్పింది, గట్టిగా కూడా కాదు. "మీ అక్కను ఇట్నే ఎత్తినాడు మీ నాయన. అది గూడా ఇట్నే మెడ మీద తల పెట్టుకున్నింది. లారీలో దించితే, 'అమ్మ రాలేదేంది నాయనా' అని అడిగింది."

నా కాళ్లు ఆగిపోయాయి.

బస్సువాడు హారన్ కొట్టాడు. అందరూ చూస్తున్నారు. ఇంకో పది అడుగులు వేస్తే సరిపోయేది. నేను వెనక్కి తిరిగి వచ్చి ఆమెను అరుగు మీద దించాను. చీర సర్దుకుంది. నా చెంప తుడిచింది, అక్కడేమీ లేకపోయినా.

బయలుదేరే ముందు మొలలో ఉన్న వల కత్తి తీసి అన్నకు ఇవ్వబోయాను. అమ్మ చూసింది.

"యాడికిరా ఇనుము?"

"పక్కన పెట్టుకుంటాడులే మా."

"మీ నాయన పెట్టుకున్నాడా?"

అన్న నా చేతిని మెల్లగా వెనక్కి నెట్టాడు. "వద్దులే అబ్బయా. ఆమెకు ఇష్టం లేదు." కత్తి మళ్లీ మొలలో దోపుకున్నాను. బస్సు మలుపు తిరిగేటప్పుడు చూశాను. వాళ్లిద్దరూ గుంట కట్ట మీద నడిచి పోతున్నారు. అన్న భుజాన తాడు చుట్ట. అమ్మ నెత్తిన చద్దన్నం గిన్నె.

హైస్కూలు మంచి కట్టడం. గోడలు చెమ్మ కూడా పట్టలేదు. మధ్యాహ్నం పులిహోర పొట్లాలు ఇచ్చారు. పిల్లలు బెంచీలు ఒకచోట చేర్చి వాటి మీద ఎగిరారు. ముఖేష్ ఇప్పుడు మీసాలు వచ్చినవాడు, ఫోనులో తుఫాను బొమ్మ చూపించాడు, చక్రంలా తిరుగుతోంది. నేను కప్పు వైపు చూస్తూ కూర్చున్నాను. చినుకైనా కారుతుందేమోనని చూశాను. కారలేదు.

సాయంత్రం అన్న ఫోను కలిసింది.

"గాలి పెద్దగా లేదబ్బయా. వానే. అమ్మ ఎగతాళి చేస్తుండాది, ఈమాత్రం దానికి బస్సులా అని."

"కట్టినావా?"

"కట్టినా."

వెనక అమ్మ గొంతు వినబడింది. "ఎవురూ? చిన్నోడా? తిన్నాడా అడుగు."

"తిన్నానని చెప్పన్నా. నీళ్లు ఎట్టుండాయి?"

వాన చప్పుడు. తరువాత అన్న గొంతు, కాస్త మెల్లగా, అమ్మకు వినబడకూడదన్నట్టు. "పడమటి పక్క ఏదో తెల్లగా కనబడతా ఉంది." అంతటితో తెగిపోయింది. మళ్లీ ఎంత చేసినా కలవలేదు. ఇప్పుడే పోతానని లేచాను. గేటు దగ్గర పోలీసులు ఆపారు. ఏరు రోడ్డెక్కింది, ఎవర్నీ పంపం అన్నారు.

తెల్లవారి నన్ను లేపింది కాకులు. బడి చుట్టూ ఉన్న వేపచెట్ల నిండా కాకులే. ఆకు కనబడలేదు. సముద్రపు ఒడ్డున ఉన్న పాలేల కాకులన్నీ ముందురోజే ఇక్కడికి వచ్చి వాలినట్టున్నాయి. అన్నీ ఒకేసారి అరుస్తున్నాయి. ఆడవాళ్లు లేచి కూర్చున్నారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. పోలేరయ్య రెండు చెవులూ మూసుకున్నాడు.

వాన వెలిసింది. నేను నడిచి బయలుదేరాను. దారిలో సగం నీళ్లు. ఇళ్లకు ఏమీ కాలేదు. పెంకులు కూడా లేవలేదు. పడవలు ఉన్నచోటనే ఉన్నాయి. గాలి మా పాలెం మీదికి రానే లేదు, ఉత్తరంగా ఎక్కడో తీరం దాటిందని తరువాత చెప్పారు. పడమట మాత్రం గుంటలూ లేవు, కట్టలూ లేవు. ఎర్రటి నీళ్లు ఒకే మడుగుగా నిలిచి ఉన్నాయి. నీళ్లలో తాటిచెట్ల వరస.

మా చెట్టు మీద, నాయన మచ్చకన్నా కాస్త పైన, అన్న చెట్టును వాటేసుకుని ఉన్నాడు. పిలిస్తే పలకలేదు. నడుము లోతు నీళ్లలో నడిచి, లోతు ఎక్కువున్న చోట ఈది చేరాను. చెట్టెక్కి అన్నను దింపుతుంటే వాడి చేతులు చెట్టును వదల్లేదు, వేళ్లు ఒక్కొక్కటే తీయాల్సి వచ్చింది. వేళ్లకు గోళ్లు లేవు.

అమ్మ చెట్టు మొదట్లోనే ఉంది. నీళ్లు అప్పటికి ఆమె రొమ్ముల దాకా తగ్గాయి. తల పక్కకు వాలి ఉంది. రాత్రి ఎక్కడి దాకా వచ్చాయో చెట్టు మీద బురద గీత చెబుతోంది.

అన్నను కట్ట ముక్క మీద కూర్చోబెట్టాను. కాసేపటికి వాడే మాట్లాడాడు.

"నీళ్లు ముందు కాళ్లకు వచ్చినాయి. విప్పుతానన్నా. కాకి అరవలేదు గదరా అనింది. మోకాళ్లకు వచ్చినాయి. మీ నాయన ఓర్చినాడు అనింది. నడుముకు వచ్చినాయి."

నా తలగుడ్డ చించి వాడి వేళ్లకు చుట్టసాగాను.

"నేను కాకిలా అరిచినా."

"అమ్మ ఏమనింది?"

"నవ్వింది. 'కడుపున మోసినదాన్ని, నీ గొంతు నాకు తెలవదా' అనింది." అన్న తన చేతుల వైపు చూసుకున్నాడు. "ఇంక ఆమె మాట వినలేదురా. విప్పబోయినా. ముడి నీళ్లలో మునిగింది. పీచు తాడు ఉబ్బి రాయి మాదిరి అయిపోయింది. మునిగి పళ్లతో పట్టినా. రాలేదు. నీళ్లు గొంతుకు వచ్చినాక ఆమే నన్ను పైకెక్కమనింది. ఎక్కినాక ఇంక మాట లేదు."

మొలలో కత్తి నన్ను గుచ్చుకుంటోంది. దాన్ని తీసి తాడు కోశాను. కోస్తుంటే అన్న నా చేతిని చూశాడు. వద్దనలేదు.

అమ్మను సముద్రం ఒడ్డున ఇసుకలో పూడ్చాం. మూడో రోజు చిన్నదినం. వాణి వచ్చింది, పోలేరయ్య వచ్చాడు, మా ఇంటివాళ్లం. సర్కారు ఇచ్చిన బియ్యంతో మహాలక్ష్మి అన్నం వండింది. అమ్మకు ఇష్టమని ఎండు రొయ్యలు వేసి చింతపండు పులుసు చేసింది. ఆకులో పెట్టి పూడ్చిన చోట ఉంచాం. కాకి ముట్టాక గానీ మేం తినకూడదు. దూరంగా జరిగి నిలబడ్డాం.

చాలాసేపు నిలబడాల్సి వస్తుందనుకున్నాను. కాకులు ఇంకా సరిగా తిరిగి రాలేదు.

ఒక్కటి వచ్చింది. ఎటు నుంచి వచ్చిందో చూడలేదు. వచ్చి, బెదరకుండా, ఆకు చుట్టూ తిరక్కుండా, నేరుగా అన్నంలో ముక్కు పెట్టింది.

"కోరికలేం మిగల్లేదు మా వొదినకు" అన్నాడు పోలేరయ్య.

అన్న మాత్రం కాకినే చూస్తున్నాడు. దాని ముక్కును చూస్తున్నాడు. వాడు ఎదురుచూస్తున్నదేంటో నాకు తెలుసు. మహాలక్ష్మికీ తెలుసు, ఆమె తల తిప్పుకుంది. కాకి నాలుగు మెతుకులు తిని, ఒక రొయ్య పట్టుకుని, ఎగిరిపోయింది. అరవలేదు.

ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కున్నాం. వెన్నెల ఆకులు వేసింది. వాణిని కూడా కూర్చోమన్నాం. అన్న గుడ్డలు చుట్టిన వేళ్లతో కలుపుకోలేకపోతుంటే మహాలక్ష్మి వంగి, పులుసు పోసి, కలిపి, ముద్దలు చేసి ఆకులో పెట్టింది. వాడు ఒక్కొక్క ముద్దే తీసుకున్నాడు. పోలేరయ్య తల వంచుకుని తిన్నాడు. అటక మీద తాడు ఉండే చోటు ఖాళీగా ఉంది. ఎవరూ అటు చూడలేదు. అన్నం అయిపోయేదాకా తిన్నాం.